ఎం.ఏ. ఇంగ్లీషులో పుస్తకానికి చోటెక్కడ?

ఎం.ఏ. ఇంగ్లీషు మొదటి సెమిస్టరు తరగతిలో "ఈ కోర్సులో ఎందుకు చేరారు?" అని అడగండి. విశాఖపట్నమైనా, వరంగల్లయినా, తిరుపతైనా జవాబులు పెద్దగా మారవు. ధారాళంగా మాట్లాడటం వస్తుందని కొందరు చేరతారు. జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్ పడితే పనికొస్తుందని కొందరు. డిగ్రీలో బీకామో బీఎస్సీయో చేసి, ఆ సబ్జెక్టులో ముందుకెళ్ళే దారి కనబడక ఇటు తిరిగినవాళ్ళు కొందరు. నవలలంటే ఇష్టమనో, కవిత్వం రాస్తాననో చెప్పేవాళ్ళు గదిలో ఇద్దరు ముగ్గురుంటారు. వాళ్ళు కూడా పక్కవాళ్ళు ఏమనుకుంటారోనని గొంతు తగ్గించే చెబుతారు.

ఈ జవాబుల్లో ఏదీ తప్పు కాదు. ఇంట్లో మొదటిసారి పీజీ దాకా వచ్చిన పిల్లలకు చదువంటే ముందు బతుకుతెరువే. చిక్కు వేరేచోట ఉంది. విద్యార్థి వచ్చింది భాష కోసం, మనం చెప్పేది సాహిత్య చరిత్ర, పరీక్షలో కొలిచేది జ్ఞాపకశక్తి. ఈ మూడింటి నడుమ, పుస్తకం తెరిచి చదవడం అనే అసలు పని ఎవరి పూచీ కాకుండా పోయింది. ఏ రచయితలను పెట్టాలి, సిద్ధాంతాలు ఎంతవరకు చెప్పాలి, భాష ముఖ్యమా సాహిత్యం ముఖ్యమా అని ఈ కోర్సు మీద ఏళ్ళ తరబడి నడుస్తున్న వాదాలన్నీ ఈ ఒక్క లోటును దాటుకుని వెళ్ళిపోతున్నాయని నా అభిప్రాయం.

ఈ చదువు మన దేశానికి వచ్చిన తీరు చూస్తే ఇవాళ్టి పరిస్థితి కొంత అర్థమవుతుంది. 1835 నాటి మెకాలే నివేదిక అందరికీ తెలిసిందే. అంతగా చెప్పుకోనిది 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ చేసిన తీర్మానం. ఇంగ్లీషు చదువుకున్నవారికి సర్కారు కొలువుల్లో ముందు పీట వేయాలని అది చెప్పింది. ఇంగ్లీషు చదువుకూ ఉద్యోగానికీ ముడి గట్టిగా పడింది అప్పుడే. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టాయి. అప్పటికే మన కుర్రవాళ్ళు షేక్స్పియర్‌నూ మిల్టన్‌నూ పరీక్షల కోసం చదువుతున్నారు. అదే కాలంలో ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు, లాటిన్ చదివినవాడే చదువుకున్నవాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 1828 నుంచీ ఇంగ్లీషు ప్రొఫెసరు ఉన్నమాట నిజమే. కానీ ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషుకు ప్రత్యేక ఆనర్స్ శాఖ 1890ల్లో గాని రాలేదు. కేంబ్రిడ్జి 1917 దాకా ఆగింది. మత విషయాల్లో తలదూర్చనని చెప్పుకున్న కంపెనీ ప్రభుత్వం, నీతిబోధ పనిని సాహిత్యానికి అప్పగించిందని గౌరీ విశ్వనాథన్ 1989లో 'మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్' అనే గ్రంథంలో వివరంగా చూపించారు. ఇంగ్లండులోనూ ఈ సబ్జెక్టు ముందుగా వేళ్ళూనింది పెద్ద విశ్వవిద్యాలయాల్లో కాదు, పనివాళ్ళ కోసం నడిపిన విద్యాసంస్థల్లోనని టెర్రీ ఈగిల్టన్ గుర్తుచేశారు. అంటే ఇంగ్లీషు సాహిత్యం పాఠ్యాంశంగా పుట్టిన నాటినుంచీ దాని మీద ఇంకేదో పని పెడుతూనే ఉన్నారు. నీతి నేర్పాలి, కొలువు ఇప్పించాలి, ఇప్పుడైతే కమ్యూనికేషన్ స్కిల్స్ రప్పించాలి.

తెలుగునాట మాత్రం ఈ చదువు పాలకులు ఊహించని ఫలితాలిచ్చింది. కందుకూరి వీరేశలింగం గోల్డ్‌స్మిత్ నవల 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ఛాయల్లో 1878లో 'రాజశేఖర చరిత్రము' రాశారు. కేంబ్రిడ్జిలో చదువుకొచ్చిన కట్టమంచి రామలింగారెడ్డి 1914లో 'కవిత్వతత్త్వ విచారము' తెచ్చి, పింగళి సూరనను కొత్త కళ్ళతో చదివి చూపించారు. ఆ కట్టమంచివారే 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షులయ్యారు. వాల్తేరులో ఇంగ్లీషు శాఖకు పేరు తెచ్చినవారు కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్. భారతీయులు ఇంగ్లీషులో రాసినదాన్ని పాఠంగా చెప్పవచ్చునా అని పెద్దపెద్దవాళ్ళు సందేహిస్తున్న రోజుల్లో, 1962లో 'ఇండియన్ రైటింగ్ ఇన్ ఇంగ్లిష్' అనే ఉద్గ్రంథం ప్రచురించి ఆ సందేహానికి ఆయన తెరదించారు. ఇవాళ దేశంలో దాదాపు ఏ ఎం.ఏ. సిలబస్ తీసుకున్నా అందులో భారతీయుల ఇంగ్లీషు రచనల పేపరు ఉంటుంది. దాని వెనక వాల్తేరులో జరిగిన పని ఉందని మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు.

హైదరాబాదు కథ వేరు. 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైన ఉస్మానియాలోనూ ఇంగ్లీషు తప్పనిసరి భాషే. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ వచ్చింది. అదే తర్వాత సీఫెల్‌గా, 2007లో ఇఫ్లూగా మారింది. 1964లో ఉస్మానియా ఆవరణలో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ తెరిచారు. అమెరికన్ సాహిత్యం మీద పరిశోధన చేసేవాళ్ళు దేశం నలుమూలల నుంచీ ఆ లైబ్రరీ కోసం హైదరాబాదు వచ్చేవారు. 1974లో సెంట్రల్ యూనివర్సిటీ ఏర్పడింది. కవి శివ్ కె. కుమార్, విమర్శకురాలు మీనాక్షీ ముఖర్జీ వంటివారు అక్కడ పాఠాలు చెప్పారు.

1980ల చివర, 90ల మొదట్లో దేశమంతా ఇంగ్లీషు శాఖలు తమను తాము ప్రశ్నించుకున్నాయి. వలసపాలన పోయి నలభై ఏళ్ళయినా చాసర్ నుంచి ఎలియట్ దాకా అదే వరుస ఎందుకు? ఆడవాళ్ళ రచనలేవి? దళితుల గొంతు ఏది? ఈ చర్చలో హైదరాబాదు ముందు వరసలో ఉంది. సీఫెల్‌లో పనిచేసిన సూజీ తారు, కె. లలితతో కలిసి 1991, 1993లలో రెండు సంపుటాలుగా 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' తెచ్చారు. ఇంగ్లీషు పాఠం చెప్పే మనిషి భారతీయ భాషల స్త్రీల రచనలను వెలికితీసి అనువాదాలు చేయించి ప్రపంచం ముందు పెట్టడం మామూలు మార్పు కాదు. ఆ సంపుటాల్లో ముద్దుపళని ఉంది. ఒకప్పుడు నిషేధానికి గురైన ఆమె 'రాధికాసాంత్వనం' అలా ఇంగ్లీషు క్లాసులోకి వచ్చింది. రాజేశ్వరి సుందర్ రాజన్ సంపాదకత్వంలో 1992లో 'ద లై ఆఫ్ ద లాండ్', సూజీ తారు సంపాదకత్వంలో 1998లో 'సబ్జెక్ట్ టు చేంజ్' వెలువడ్డాయి. ఈ సబ్జెక్టును ఎవరికి, ఎందుకు, ఎలా చెబుతున్నామన్న ప్రశ్నను తప్పించుకోవడం ఆ తర్వాత ఎవరికీ వీలుకాలేదు.

సిలబస్‌లు మారాయి. ఈ మాట సంతోషంగానే చెప్పాలి. ఇవాళ మన విశ్వవిద్యాలయాల ఎం.ఏ. సిలబస్ చూస్తే బ్రిటిష్ సాహిత్యంతోపాటు అమెరికన్, ఆఫ్రికన్, కరీబియన్ రచనలు, స్త్రీవాదం, దళిత సాహిత్యం, అనువాద అధ్యయనం, భాషాశాస్త్రం, బోధన పద్ధతులు, సాహిత్య సిద్ధాంతాలు కనిపిస్తాయి. కాగితం మీద ఇది గొప్ప సిలబస్. ఏ దేశపు విశ్వవిద్యాలయం పక్కన పెట్టినా తీసిపోదు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. సెమిస్టరుకు నాలుగైదు పేపర్లు. పేపరుకు నాలుగైదు యూనిట్లు. యూనిట్‌కు తక్కువలో తక్కువ రెండు పాఠ్యగ్రంథాలు. అంటే సెమిస్టరుకు సుమారు 40 పాఠ్యగ్రంథాలు, వాటిలో కొన్ని వందల పేజీల నవలలు. బోధనకు దక్కేది నిబంధనల ప్రకారం 90 పనిదినాలు. అడ్మిషన్లు ఆలస్యమై, ఇంటర్నల్స్, సెమినార్లు, సెలవులు పోగా మిగిలేది ఇంకా తక్కువ. ఇగ్నో దూరవిద్య ఎం.ఏ.లో ఒక్క బ్రిటిష్ నవల పేపరులోనే 'టామ్ జోన్స్', 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్', 'మిడిల్‌మార్చ్', 'ఎ పాసేజ్ టు ఇండియా' వంటివి ఉన్నాయి. మొదటిదీ మూడోదీ ఒక్కొక్కటి ఏడెనిమిది వందల పేజీలు. ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ చదివే మనిషి వీటిని ఏడాదిలో పూర్తి చేయడం ఎలా సాధ్యం? సిలబస్ వేసిన బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు ఈ సంగతి తెలుసు. పాఠం చెప్పే అధ్యాపకుడికి తెలుసు. విద్యార్థికి మొదటి నెలలోనే తెలిసిపోతుంది. తెలిసీ ఎవరూ మాట్లాడరు. అక్కడినుంచే గైడు మొదలవుతుంది.

నేను గైడును తిట్టను. రాంజీలాల్ గైడ్లు మూడు నాలుగు తరాల విద్యార్థులను గట్టెక్కించాయి. ఎం.ఎచ్. ఎబ్రమ్స్ గ్లాసరీ, పీటర్ బ్యారీ 'బిగినింగ్ థియరీ' లాంటివి నిజంగా మంచి పుస్తకాలు. మూలగ్రంథం చదివినవాడికి అవి చేతికర్రలా ఉపయోగపడతాయి. చదవనివాడు వాటి మీద నడుస్తున్నాననుకుంటాడు కానీ ఉన్నచోటే ఉంటాడు. ఇప్పుడు గైడు స్థానంలోకి పది నిమిషాల యూట్యూబ్ సారాంశం వచ్చింది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక అసైన్‌మెంట్ కూడా తనంతట తానే తయారవుతోంది. పాత గైడులోనయినా ఏ పంక్తి కింద గీత పెట్టాలో విద్యార్థి ఎంచుకునేవాడు. ఆ మాత్రం చదువు కూడా ఇప్పుడు అక్కర్లేకుండా పోయింది.

పుస్తకం చదివితే ఏం తేడా వస్తుందో ఒక ఉదాహరణ చూపిస్తాను. చాలా సిలబస్‌లలో జోసెఫ్ కాన్రాడ్ 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' (1899) ఉంటుంది. మరో పేపరులో చినువా అచెబే 'థింగ్స్ ఫాల్ అపార్ట్' (1958) ఉంటుంది. కాన్రాడ్ ఆఫ్రికన్లను మనుషులుగా చూడలేదని అచెబే 1975లో అమెరికాలో ఒక ఉపన్యాసంలో తీవ్రంగా విమర్శించారు. అదీ పోస్ట్‌కలోనియల్ పేపరులో వస్తుంది. గైడులో ఈ మూడూ మూడు షార్ట్ నోట్సులు: మొదటిదానికి 'సింబాలిజం', రెండోదానికి 'క్లాష్ ఆఫ్ కల్చర్స్', మూడోదానికి 'రేసిజం'. పుస్తకాలు చదివిన విద్యార్థికి మాత్రం ఒక పెద్ద తగాదా కనబడుతుంది. కాన్రాడ్ నవలలో నది ఒడ్డున కనిపించే నల్లవాళ్ళకు పేర్లు లేవు, మాటలు దాదాపు లేవు. అచెబే నవలలో ఒకొంక్వోకు పేరుంది, తండ్రి మీద కోపముంది, పొలముంది, ముగ్గురు భార్యలున్నారు, ఊరి పంచాయితీలో అతని మాటకు విలువుంది. చివరి పేజీలో ఆ జీవితమంతా ఒక తెల్ల అధికారి రాయబోయే పుస్తకంలో ఒక పేరాకు కుదించుకుపోతుంది. ఆ చివరి పేజీ చదివిన విద్యార్థి కాన్రాడ్ దగ్గరికి వెనక్కి వెళ్తాడు. కాన్రాడ్‌ను సమర్థించవచ్చు, తప్పుపట్టవచ్చు, అచెబే మరీ కటువుగా మాట్లాడాడనవచ్చు. ఏమన్నా ఆ మాట అతని సొంతం. నోట్స్ చదివినవాడికి ఈ తగాదాలో దిగే దారే లేదు.

ఇంకొకటి. జేన్ ఆస్టెన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' (1813) మనవాళ్ళకు చాలా దూరపు కథ అనుకుంటాం. బెన్నెట్ దంపతులకు అయిదుగురు ఆడపిల్లలు. మగపిల్లవాడు లేడు గనక తండ్రి పోతే ఇల్లూ పొలమూ దాయాది కాలిన్స్‌కు పోతాయి. ఈ సంగతి నవలలో మొదటి నుంచీ కత్తిలా వేలాడుతూ ఉంటుంది. గైడులో మాత్రం మిసెస్ బెన్నెట్ ఒక వెకిలి మనిషి, 'కామిక్ క్యారెక్టర్', అంతే. నవల మొత్తం చదివించి ఒక తరగతిలో చర్చ పెట్టినప్పుడు, ఒక అమ్మాయి లేచి, ఆమెను చూసి నవ్వడం తనకు చేతకాలేదని చెప్పింది. అక్కడినుంచి మాట ఆడపిల్లల ఆస్తి మీదికి మళ్ళింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన హక్కు ఇచ్చారు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. చట్టం వచ్చాక కూడా అన్నదమ్ములకు హక్కు వదులుకుంటూ సంతకాలు పెట్టిన అమ్మలూ పిన్నులూ ఆ గదిలోని ప్రతి విద్యార్థి ఇంటా ఉన్నారు. ఆస్టెన్ ఆ రోజు ఇంగ్లండు రచయిత్రి కాదు, పాత పరీక్ష ప్రశ్న కాదు. చర్చ సగం తెలుగులోనే జరిగింది.

తెలుగు మాట వచ్చింది కాబట్టి దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎం.ఏ. ఇంగ్లీషు తరగతిలో తెలుగు మాట్లాడటం నేరంగా చూసే అలవాటు మనకుంది. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లవాడు మొదటి సెమిస్టరంతా నోరు విప్పడు. అతనికి 'హామ్లెట్' అర్థం కాదని అధ్యాపకుడు అనుకుంటాడు. నిజానికి తండ్రి పోయిన నెల తిరక్కుండానే బాబాయిని పెళ్ళాడిన తల్లి మీద కొడుకుకు ఉండే కోపం గురించి ఆ పిల్లవాడు మాట్లాడగలడు. ఇంగ్లీషులో మాట్లాడలేడు, అంతే. అతన్ని ముందు తెలుగులో ఆలోచించనిచ్చి, తర్వాత ఇంగ్లీషులో రాయించే ఓపిక మనకుండాలి. ఆంక్షతో భాష రాదు. చెప్పడానికి ఏదో ఉన్నవాడికే భాష వస్తుంది.

తెలుగుకూ ఇంగ్లీషు శాఖకూ మధ్య రాకపోకలు ఆగిన కాలం లేదు. 'చివరకు మిగిలేది' రాసిన బుచ్చిబాబు ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసి ఆకాశవాణికి వెళ్ళారు. షేక్స్పియర్ మీద తెలుగులో పుస్తకం రాశారు. కథ ఎలా నిర్మాణమవుతుందో తెలుగు పాఠకులకు 'కథాశిల్పం'లో విడమరిచి చెప్పిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య మదనపల్లె బి.టి. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పినవారే. కవి కె. శివారెడ్డి హైదరాబాదులో, వేగుంట మోహనప్రసాద్ విజయవాడలో ఇంగ్లీషు అధ్యాపకులుగా పనిచేశారు. వీళ్ళెవరూ తమ ఎం.ఏ.ను ఇంగ్లీషుకే పరిమితం చేసుకోలేదు. చదివింది తెలుగులోకి మోసుకొచ్చారు.

ఈ ముప్ఫై ఏళ్ళలో రాకపోకలు రెండో దిక్కుకూ బాగా పెరిగాయి. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' 2010లో 'అన్‌టచబుల్ స్ప్రింగ్'గా ఇంగ్లీషులోకి వచ్చింది. అనువదించిన అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ ఇద్దరూ హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో ఇంగ్లీషు ఆచార్యులుగా పనిచేసినవారు. ఓల్గా 'విముక్త' కథలను 'ద లిబరేషన్ ఆఫ్ సీత'గా చేసిన టి. విజయకుమార్, సి. విజయశ్రీ ఉస్మానియా ఇంగ్లీషు శాఖలో పనిచేసినవారు. తెలుగు దళిత సాహిత్యాన్ని ఆక్స్‌ఫర్డ్ సంకలనంగా 2016లో తెచ్చినవారిలో కె. పురుషోత్తం కాకతీయ విశ్వవిద్యాలయం ఇంగ్లీషు శాఖ ఆచార్యులు. శ్రీకాకుళంలోనో పాలమూరులోనో పుట్టిన కథ ఢిల్లీలో, లండన్‌లో చదవబడుతోందంటే దాని వెనక చాలాసార్లు ఒక ఇంగ్లీషు ఎం.ఏ. ఉంది. ఈ కోర్సు అక్కరకు రాదనేవాళ్ళు ఈ పని ఇంకెవరు చేసేవారో చెప్పాలి.

ఇక ఉద్యోగాల సంగతి. దీన్ని దాటేసి సాహిత్యం గురించి మాట్లాడటం విద్యార్థి పట్ల అన్యాయం. ప్రభుత్వ కాలేజీల్లో పోస్టులు ఏళ్ళకొకసారి పడతాయి. ఆ మధ్యకాలమంతా గెస్ట్ ఫ్యాకల్టీగా, గంటల లెక్కన పని. ఎక్కువమందికి తలుపు తెరిచింది ఇంజనీరింగ్ కాలేజీలే. ఫస్టియర్‌లో ఇంగ్లీషు పేపరు, పక్కన కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్. ఎం.ఏ.లో మిల్టన్ చదివిన అమ్మాయి అక్కడ హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లలకు ఉచ్చారణ, గ్రూప్ డిస్కషన్, రెజ్యూమె రాయడం నేర్పుతుంది. అది చిన్న పనేం కాదు. ఎన్నో ఊళ్ళ పిల్లలకు ఉద్యోగాలు వచ్చింది ఆ ల్యాబుల్లో దొరికిన ధైర్యంతోనే. కానీ ఆ పనికి కావలసిన శిక్షణ మన ఎం.ఏ. సరిగా ఇవ్వదు, అటు సాహిత్యమూ పూర్తిగా ఇవ్వదు. భాషాబోధన పేపరు ఒకటి ఉంటుంది. దాంట్లో పద్ధతుల పేర్లు, వాటి ప్రతిపాదకుల పేర్లు కంఠతా పట్టిస్తారు. తరగతిలో నిలబెట్టి పాఠం చెప్పించి చూసే శాఖలు తక్కువ.

యూజీసీ నెట్ ప్రభావం మీద ఇంకా గట్టిగా మాట్లాడాలి. అధ్యాపక ఉద్యోగానికీ, నెలకు 37,000 రూపాయల జేఆర్ఎఫ్‌కూ ముఖ్యమైన దారి అదే కనుక రెండో ఏడాది వచ్చేసరికి తరగతి మొత్తం దాని వైపు తిరుగుతుంది. ఒకప్పుడు నెట్‌లో వ్యాసరూప జవాబులు రాయాల్సిన పేపరు ఉండేది. 2012 జూన్ నుంచి అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలే. ఇప్పుడు సబ్జెక్టు పేపరులో 100 ప్రశ్నలు, 200 మార్కులు. ఏ నాటకం ముందు వచ్చింది, ఏ పాత్ర ఏ నవలలోది, ఏ పదం ఏ సిద్ధాంతకర్తది – వీటిని జతపరచాలి, వరుసలో పెట్టాలి. దీనికి పుస్తకం చదవడం కంటే పట్టికలు చదవడం సుఖం. కోచింగ్ సెంటర్లు పట్టికలే అమ్ముతున్నాయి. ఒక్క నాటకం కూడా పూర్తిగా చదవకుండా వంద నాటకాల తేదీలు చెప్పగల పిల్లలను చూశాను. వాళ్ళు తెలివైనవాళ్ళు, కష్టజీవులు. ఆ తెలివినీ కష్టాన్నీ మనం తప్పుదారిలో ఖర్చు పెట్టిస్తున్నాం. ఒక మనిషి సాహిత్యం చెప్పగలడో లేదో తేల్చే పరీక్షలో ఒక్క పేరా కూడా రాయించకపోవడం నాకు ఎంత ఆలోచించినా సమ్మతం కాదు.

పరిశోధన గురించి క్లుప్తంగా. ఎం.ఫిల్. 2022 నిబంధనలతో పోయింది. పీహెచ్‌డీకి ముందు ఒక మనిషి తన శక్తిని పరీక్షించుకునే మెట్టు అది. ఆ పని ఇప్పుడు ఎం.ఏ. డిసర్టేషనే చేయాలి. అదే నిబంధనల్లో, థీసిస్ ఇచ్చేముందు పత్రికలో వ్యాసం తప్పనిసరి అన్న షరతు తీసేశారు. డబ్బిస్తే అచ్చువేసే పత్రికల బెడద కొంతైనా తగ్గుతుంది కనుక ఇది మంచిదే.

బయటి దేశాల్లో గాలి ఇంకోలా వీస్తోంది. ఇంగ్లండులోనే షెఫీల్డ్ హాలమ్ విశ్వవిద్యాలయం 2022లో ఇంగ్లీషు సాహిత్యం డిగ్రీని నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. చాసర్ యాత్రికులు ఏ ఊరికి బయలుదేరారో ఆ కాంటర్‌బరీలో, క్రైస్ట్ చర్చ్ విశ్వవిద్యాలయం 2024లో అదే బాట పట్టింది. విద్యార్థులు చేరడం లేదన్నదే కారణం. మన దగ్గర సీట్లకు కొరత రాకపోవచ్చు. ఇంగ్లీషు అన్న పేరుకు ఇక్కడ గిరాకీ ఉంది. ప్రభుత్వ బడులు కూడా ఇంగ్లీషు మాధ్యమం వైపు నడుస్తున్నాయి, బడికో ఇంగ్లీషు టీచరు కావాలి. అయితే ఆ గిరాకీ చూసి శాఖలు నిశ్చింతగా ఉండటం ప్రమాదం. పేరుకున్న గిరాకీ చదువుకు లేదు. యూజీసీ 2024లో ప్రకటించిన కొత్త పీజీ చట్రం ప్రకారం నాలుగేళ్ళ ఆనర్స్ చేసినవారికి ఒక్క ఏడాదిలోనే ఎం.ఏ. పూర్తవుతుంది. అర్హత పరీక్ష దాటితే డిగ్రీలో ఏ సబ్జెక్టు చదివినవారైనా రావచ్చు. ఉన్న సిలబస్‌నే నొక్కి ఏడాదిలో కుక్కితే పుస్తకానికి ఈపాటి చోటు కూడా మిగలదు.

మరి చేయవలసింది ఏమిటి? ఖర్చు లేని పనులే చెబుతాను. పేపరుకు పది పాఠ్యగ్రంథాలు కాదు, నాలుగు పెట్టండి. ఆ నాలుగూ తరగతిలో పుట తిప్పి చదవండి. మిగతా చరిత్ర విద్యార్థి తానే చదువుకుంటాడు, దానికి పుస్తకాలున్నాయి. చాసర్ పోతాడేమో, డ్రైడెన్ పోతాడేమో అని భయపడేవారికి నా జవాబు ఒకటే: ఇప్పుడు వాళ్ళు సిలబస్‌లో ఉన్నారు గానీ ఎవరి తలలోనూ లేరు.

పరీక్షలో ఒక ప్రశ్న మార్చండి. ఐ.ఏ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో విద్యార్థులకు కవుల పేర్లు తీసేసి పద్యాలు చేతికిచ్చి, తోచింది రాయమన్నారు. ఆ జవాబుల ఆధారంగా 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం' వచ్చింది. ఎంతో చదువుకున్నామనుకున్నవాళ్ళు పేరు తెలియని పద్యం ముందు ఎలా తడబడ్డారో అందులో ఉంది. మన ప్రశ్నపత్రంలో తప్పనిసరిగా ఒక కొత్త పద్యమో, కథలోని ఒక పుటో ఇచ్చి 20 మార్కులు పెడితే, ఏ గైడూ దానికి ముందుగా జవాబు రాసిపెట్టలేదు. పక్కనే ఒక పేరా తెలుగు చేయమనండి. విద్యార్థి ఆ వాక్యాల్లోకి ఎంతవరకు వెళ్ళాడో అరగంటలో తెలిసిపోతుంది. భాష కోసం వచ్చినవారిని చిన్నబుచ్చకుండా, మొదటి సెమిస్టరులో రాయడం, మాట్లాడటం నేర్పే పేపరు విడిగా, నిజాయితీగా పెట్టండి. మిల్టన్ చదివితే గ్రూప్ డిస్కషన్ వస్తుందని వాళ్ళను నమ్మించవద్దు.

ఇందులో ఏదీ పెద్దల అనుమతి కోసం ఆగాల్సినది కాదు. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో కూర్చునేది ఇంగ్లీషు అధ్యాపకులే, ప్రశ్నపత్రం వేసేదీ వాళ్ళే. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలకు వచ్చే సెమిస్టరు నుంచే వీలవుతుంది. అక్కడి అధ్యాపకులను కోరేది ఇదే: ఈసారి బోర్డు సమావేశంలో కొత్త పేర్లు చేర్చేముందు, నిరుడు పెట్టిన పుస్తకాల్లో ఎన్నింటిని తరగతిలో మొదటినుంచి చివరిదాకా చదివామో ఒక్కసారి అడిగి రాసుకోండి. ఇప్పుడే చేరుతున్న విద్యార్థులకు చెప్పేది కూడా పెద్దదేం కాదు. ఈ సెమిస్టరు సిలబస్‌లో ఒక నవలో నాటకమో ఎంచుకుని, దాని గైడు తెరవకముందే చివరి పుట దాకా చదవండి. అర్థంకాని చోట గీత పెట్టుకుని, ఆ చోటు గురించి తరగతిలో లేచి అడగండి, ఇంగ్లీషులో రాకపోతే తెలుగులోనే అడగండి.